దేవుని కన్నుగప్పలేని గూఢచారి



గూఢచారులు, రహస్య ప్రేమలు, ఇంటి గుట్టుమట్లు నిండిన నవలను పిల్లల చేతిలో చూస్తే మనలో చాలామందిమి అది పక్కనపెట్టి జపమాల చెప్పుకోమంటాం. అటువంటి కథలలో దేవునికి చోటెక్కడిది అని మన అనుమానం. ఆ కథలలోనే దేవుణ్ణి చూపించిన కతోలిక రచయిత ఒకాయన ఉన్నారు. పేరు గ్రాహం గ్రీన్. ఆయన పునీతుడు కాదు. ఆ సంగతి ముందే చెప్పి ఆయన జీవితం మీ ముందుంచుతున్నాను.

గ్రీన్ 1904 అక్టోబరు 2న ఇంగ్లండులోని బెర్క్‌హాంస్టెడ్‌లో జన్మించారు. తండ్రి ఆ ఊరి పాఠశాలకు ప్రధానోపాధ్యాయులు. కుమారుడూ అక్కడే విద్యార్థి. తోటి పిల్లల సంగతులు ఇంట్లో చెబితే స్నేహితులకు ద్రోహం, దాచిపెడితే తండ్రికి ద్రోహం. ఈ రెంటి మధ్య నలిగిపోయి ఆ బాలుడు ఒకనాడు ఇల్లు విడిచి పారిపోయాడు. మానసిక చికిత్స కోసం పెద్దలు అతణ్ణి లండన్ పంపవలసి వచ్చింది. నేను ఎవరి పక్షం అన్న ప్రశ్న ఆయనను జీవితాంతం విడిచిపెట్టలేదు.

ఆక్స్‌ఫర్డ్‌లో చదివే రోజుల్లో, కతోలికులు మరియమాతను ఆరాధిస్తారని ఆయన ఒక వ్యాసంలో వ్రాశారు. వివియన్ అనే కతోలిక యువతి అది చదివి, ఆరాధన దేవునికే చెల్లుతుందని, ఆ తల్లికి మనం ఇచ్చేది గౌరవమని దిద్దుతూ జాబు వ్రాసింది. ఆ జాబుతోనే పరిచయం, పరిచయంతో ప్రేమ. ఆమె నమ్మకమేమిటో తెలుసుకుందామని నాటింగ్‌హాంలో ఒక గురువు వద్దకు వెళ్ళి, వాదించి వాదించి చివరకు విశ్వసించారు. 1926 ఫిబ్రవరిలో శ్రీసభలో చేరినప్పుడు తోమా అన్న పేరు తీసుకున్నారు. సందేహించిన ఆ అపోస్తలుడే తనకు తగినవాడని ఆయన ఉద్దేశం. 1927లో వివాహమైంది. ఇద్దరు బిడ్డలు కలిగారు.

1938లో ఆయన మెక్సికో వెళ్ళి, అక్కడ శ్రీసభ అనుభవించిన హింసల గురించి స్వయంగా తెలుసుకున్నారు. 1940లో వెలువడిన 'ది పవర్ అండ్ ది గ్లోరీ' నవలకు అదే పునాది. అందులోని గురువు తాగుబోతు, ఒక బిడ్డకు తండ్రి కూడా. అయినా, మరణావస్థలో ఉన్నవాడి పాపసంకీర్తనం వినాలని, అది తనను పట్టుకోవడానికి పన్నిన వల అని తెలిసీ వెనక్కి వెళతాడు. 1953లో రోములోని పరిశుద్ధ కార్యాలయం ఈ నవలను తప్పుపట్టింది. 1965లో ఆరవ పౌలు పాపుగారు మాత్రం గ్రీన్‌ను కలిసి, తాను ఆ పుస్తకం చదివానని చెప్పి ధైర్యమిచ్చారు.

ఇక గూఢచర్యం సంగతి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1941లో, బ్రిటిష్ గూఢచారి శాఖలో పనిచేస్తున్న చెల్లెలు ఎలిజబెత్ ద్వారా ఆయన కూడా అందులో చేరారు. పశ్చిమ ఆఫ్రికాలోని ఫ్రీటౌన్‌లో పనిచేశారు. ఆయన పైఅధికారి కిమ్ ఫిల్బీ నిజానికి రష్యా గూఢచారి. 1963లో ఫిల్బీ మాస్కో పారిపోయాడు. దేశమంతా ద్రోహి అన్న ఆ మనిషిని గ్రీన్ స్నేహితుడిగానే చూశారు, వృద్ధాప్యంలో మాస్కో వెళ్ళి కలిశారు కూడా. తన భార్యాబిడ్డలను కాపాడినవారి రుణం తీర్చుకోవడానికి దేశరహస్యాలు అందించే అధికారి కథను 1978లో 'ది హ్యూమన్ ఫ్యాక్టర్'గా వ్రాశారు.

ఆయన ఇంట్లోనూ రహస్యం ఉంది. యుద్ధానంతరం ఒక వివాహితతో ప్రేమలో పడి, భార్యాబిడ్డలను విడిచి వెళ్ళారు. వివియన్ విడాకులు ఇవ్వలేదు. ఆయన కన్నుమూసే వరకు ఆమె ఆయన భార్యే. ఆమె 2003లో మరణించారు. భర్త ప్రతిభ ఎంత గొప్పదైనా ఆమెకు జరిగిన అన్యాయం అన్యాయమే. దాన్ని సాహిత్యం పేరుతో కప్పిపెట్టకూడదు.

ఆ గాయంలోంచే 1951లో 'ది ఎండ్ ఆఫ్ ది ఎఫైర్' వచ్చింది. అందులో ఒక రచయిత, తనను హఠాత్తుగా విడిచిపెట్టిన వివాహితపై అనుమానంతో డిటెక్టివ్‌ను నియమిస్తాడు. దొంగిలించిన ఆమె డైరీలో అసలు విషయం బయటపడుతుంది. బాంబు దాడిలో అతడు చనిపోయాడనుకుని ఆమె మోకరిల్లి, అతణ్ణి బ్రతికిస్తే విడిచిపెడతానని దేవునికి మాట ఇచ్చింది. అతడు వెతుకుతున్న ప్రత్యర్థి దేవుడే! ఆమె మరణించాక తల్లి మరో రహస్యం చెబుతుంది: చిన్ననాడే ఆమెకు ఎవరికీ తెలియకుండా కతోలిక జ్ఞానస్నానం ఇప్పించిందట.

పాఠకులారా, గూఢచారీ రహస్యం దాస్తాడు, పాపసంకీర్తనం వినే గురువూ దాస్తాడు. కాని మొదటివాడు మన గుట్టు తెలుసుకునేది మనల్ని పట్టుకోవడానికి, రెండవవాడు మనల్ని విడిపించడానికి. 139వ కీర్తన చెప్పే దేవుడు కూడా మనల్ని వెతికేది పట్టించడానికి కాదు, ఇంటికి చేర్చడానికి.

గ్రీన్ 1991 ఏప్రిల్ 3న, స్విట్జర్లాండులోని వెవేలో, 86వ ఏట మరణించారు. ఆయన మిత్రుడు, స్పెయిన్ దేశపు గురువు లియోపోల్డో డురాన్ పడక ప్రక్కకు వచ్చి అవస్థ అభ్యంగనం ఇచ్చారు. తోమా పేరు పెట్టుకున్న మనిషి దేవుని చేతుల్లోనే కన్నుమూశారు.

మీ ఇంట్లోనూ గుడికి దూరమైన కొడుకో, అల్లుడో, తోబుట్టువో ఉండవచ్చు. అతని తలపై పోసిన జ్ఞానస్నానపు నీళ్ళు ఆరిపోయాయని నిరాశపడకండి. ఒకవేళ దాక్కున్నది మీరే అయితే, ఈ శనివారం సాయంత్రం పాపసంకీర్తన పీఠం దగ్గరకు రండి. అక్కడ చెప్పిన మాట అక్కడే ఉండిపోతుంది.