మహాత్ముని పథ్యము - కస్తూరిబా వడ్డన

పథ్యము పాటించుట రోగి ఒక్కని పనియని లోకమున ఒక తలంపు కలదు. తినువారొకరు, వండువారొకరు అయిన ఇంట అది నిజము కాదు. వండినవారి ప్రీతి ఒకవైపు, తినువాని కడుపు మరియొకవైపు నిలిచి లాగుచుండును. ఏకాదశినాడు నిరాహారముగా నుండగలిగిన నిష్ఠాపరుడు సైతము, మరునాడు తల్లియో ఇల్లాలో మరియొక గరిటె వడ్డింపవచ్చినపుడు విస్తరిపై చేయి అడ్డము పెట్టలేడు. జఠరాగ్ని మందగించినవారున్న ప్రతి గృహమునను ఈ సంకటము అనుభవములోనిదే. మోహన్‌దాస్ కరంచంద్ గాంధీగారి సంసారమున ఇది ఒకమారు ప్రాణముమీదికే వచ్చినది. ఆ వృత్తాంతమును ఇచట స్మరింతము.

గాంధీజీ 1869 అక్టోబరు 2వ తేదీన పోరుబందరులో వైష్ణవ కుటుంబమున జన్మించినారు. తల్లి పుత్లీబాయి నిత్యము హవేలీకి, అనగా వైష్ణవ మందిరమునకు, వెళ్ళి సేవించుకొనెడివారు. ఒక చాతుర్మాస్యమున సూర్యదర్శనము కానిదే భోజనము చేయరాదని ఆమె నియమము పూనినారు. వానకాలపు మబ్బులలో సూర్యుడు ఎప్పుడు కనిపించునాయని పిల్లలు ఆకాశమువంక చూచుచు నిలిచెడివారు. కనబడినంతనే పరుగున పోయి తల్లికి చెప్పెడివారు. ఆమె వాకిటిలోనికి వచ్చులోపల సూర్యుడు మరల మబ్బుచాటునకు పోయెడివాడు. నేడు తాను భుజించుట భగవంతునికి ఇష్టము లేదని, నవ్వు ముఖముతోనే తిరిగి ఇంటిపనిలోనికి పోవుట ఆమెకు అలవాటు. ఆహారమునకును వ్రతమునకును గల బంధమును బాలుడు నేర్చినది ఆ వాకిటిలోనే.

1888లో న్యాయశాస్త్రము చదువుటకు లండనునకు పోవునపుడు మద్యమాంసములను ముట్టనని తల్లి ఎదుట ప్రమాణము చేసినారు. లండనులో కొందరు మిత్రులు కోడిగ్రుడ్డు మాంసము కాదని వాదించినారు. కొలదికాలము గాంధీజీ ఆ వాదమునకు లొంగి గ్రుడ్లు తిన్నారు గాని, పిదప ఆలోచించి మానివేసినారు. ప్రమాణము చేయించినది తల్లి. ఆమె మనస్సులో మాంసమనగా గ్రుడ్డును చేరియున్నది. కావున ప్రమాణమునకు ఆమె ఎరిగిన అర్థమే అర్థమని వారు నిశ్చయించుకొన్నారు. ఈ చిన్న సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముప్పది యేండ్లకు ఇది మరల వచ్చును.

వారి ఉదరము స్వభావముచేత బలమైనది కాదు. జోహాన్నెస్‌బర్గులో న్యాయవాదిగా నున్న కాలమున మలబద్ధము, తరచుగా తలనొప్పి బాధించెడివి. అప్పుడప్పుడు విరేచనపు మందులతో కాలము గడిపెడివారు. ఉదయపు ఫలహారము మానినంతనే తలనొప్పి పోయినది. మలబద్ధము మాత్రము పోలేదు. కటిస్నానములచే కొంత నెమ్మదించి, పొట్టపై తడిమట్టి పట్టు వేసికొనుటచే కుదిరినది. అది మొదలు ఆహారముతో ప్రయోగములు చేయుట వారికి జీవితమంతయు సాగిన తపస్సైనది. అట్టివాని ఇంట వంట చేయుట ఎంత కష్టమో వండువారికే తెలియును. నిన్న కుదిరినది నేడు కూడదందురు. నేడు విడిచినది రేపు కోరుదురు. కస్తూరిబా సహనమును గూర్చి ప్రత్యేకముగా ఒక గ్రంథమే వ్రాయవచ్చును.

అయినను పథ్యమున ఆమె కేవలము ఆజ్ఞను పాటించినది కాదు. దక్షిణాఫ్రికాలో ఆమెకు రక్తస్రావవ్యాధి కలిగి, డర్బనులో శస్త్రచికిత్స జరిగినది. బలమునకు గోమాంసరసము పుచ్చుకొనవలెనని అచటి వైద్యుడు పట్టుపట్టగా, ప్రాణము పోయినను సరే ముట్టనని ఆమె నిరాకరించినది. తరువాత వ్యాధి తిరుగబెట్టినపుడు ఉప్పును, పప్పును విడువవలసినదని భర్త కోరినారు. ఎంత చెప్పినను ఆమె సమ్మతింపలేదు. వైద్యుడు చెప్పినచో తామైనను వానిని విడువగలరా యని ఎదురు ప్రశ్నించినది. వెంటనే గాంధీజీ తాము ఆ రెండింటిని ఒక సంవత్సరముపాటు విడిచినట్లు ప్రకటించినారు. ఆమె విడిచినను విడువకపోయినను తమ మాట తప్పదన్నారు. కస్తూరిబా నిశ్చేష్టురాలై, తానును విడిచెదనని, వారి సంకల్పమును మరలించుకొమ్మని బ్రతిమాలినది. కన్నీరు కార్చినది. వారు మరలించుకొనలేదు. ఆమె ఆరోగ్యము మాత్రము అది మొదలు కోలుకొన్నది.

ఇందులో ఆగ్రహము పాలు కొంత కలదనక తప్పదు. భార్యను ఏడ్పించి సాధించిన పథ్యమని ఆక్షేపించువారును ఉందురు. కాని ఇంటిలో ఒకరికి చప్పిడి కూడు పెట్టి, తక్కినవారు ఆవకాయ కలుపుకొని ఎదుట కూర్చుండి భుజించు మన ఆచారముతో పోల్చి చూచినపుడు, ఆ ఉప్పులేని కంచము మరియొక విధముగా కనిపించును.

వండువారి శ్రమను వారు పూర్తిగా గుర్తించినది 1915లో. ఆ యేడు కలకత్తాలో భూపేంద్రనాథ బసుగారి ఇంట అతిథిగా నుండిరి. గాంధీజీ అప్పుడు ఫలములను, పప్పుగింజలను మాత్రమే పుచ్చుకొనెడివారు. నగరములో దొరకు పండ్లన్నియు తెప్పించినారు. ఆ ఇంటి స్త్రీలు రాత్రియంతయు మేల్కొని బాదము మున్నగు గింజల పొట్టు ఒలిచినారట! ఒకరిద్దరు అతిథులకై ఇల్లంతయు ఇట్లు ఊడిగము చేయుట వారికి సహింపరానిదైనది. తమ ఆహారము నిరాడంబరమని తాము తలంచుచుండగా, అది పరులకు విందుకంటె ఎక్కువ శ్రమ కలిగించుచున్నదని గ్రహించినారు. ఆ యేడే హరిద్వారమున కుంభమేళా జరిగినది. లక్షలాది యాత్రికుల నడుమ, గంగాతీరమున వారు రెండు నియమములు పూనినారు. దినమునకు అయిదింటికి మించిన ఆహారవస్తువులు పుచ్చుకొనరాదు. చీకటి పడిన పిమ్మట భుజింపరాదు. వ్యాధి వచ్చినచో ఔషధము సైతము ఆ అయిదింటిలోనే లెక్కకు రావలెనని యోచించి, సడలింపు ఏదియు ఉంచుకొనలేదు. ఆతిథ్యమిచ్చువారికి అయిదు వస్తువులు చెప్పుట సులభము, సమకూర్చుట సులభము. పథ్యము చెప్పదలచినవారు కోరికలను గాక పరిమితిని చెప్పుట మేలని మాకు తోచుచున్నది.

ఇక పాల సంగతి. 1912లో, దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయి క్షేత్రమున, మిత్రుడు కాలెన్‌బాక్‌తో కూడి గాంధీజీ పాలను విడిచినారు. ఇంద్రియనిగ్రహమునకు పాలు అడ్డమను తలంపు ఒక కారణము. కలకత్తాలో ఆవులను గేదెలను హింసించి చివరి చుక్కవరకు పాలు పిండెడి క్రూరపద్ధతిని గూర్చి చదివియుండుట మరియొకటి. 1914లో లండనులో ఊపిరితిత్తుల పొర వాచి శయ్య పట్టినపుడు గోపాలకృష్ణ గోఖలే అంతటివారు చెప్పినను, ఒక రాత్రియంతయు ఆలోచించి, పాలు పుచ్చుకొననని తెల్పినారు.

1918లో ఖేడా మండలమున సైన్యమునకు మనుష్యులను చేర్చు పనిలో గ్రామములు తిరుగుచుండిరి. ఆ దినములలో ముఖ్యాహారము వేరుసెనగ ముద్ద, నిమ్మపండ్లు. ఆ ముద్ద మితిమీరిన హానికరమని తెలిసియు ఎక్కువ తినగా స్వల్పముగా విరేచనములు కలిగినవి. సబర్మతీ ఆశ్రమమునకు వచ్చి, మరునాటి ఉదయము భోజనము మానగా కొంత తెరపి కనిపించినది. ఇంకను లంఘనము సాగింపవలెనని, పుచ్చుకొన్నచో పండ్లరసము తప్ప మరేదియు కూడదని వారికి తెలియును. మధ్యాహ్నము ఏమియు వలదని కస్తూరిబాకు చెప్పియుండిరి. కాని ఆనాడేదో పండుగ. ఆమె గోధుమలతో తీయని పాయసమువంటి వంటకము చేసినది. పాలు, నేయి వారికి నిషిద్ధము గనుక నేతికి మారుగా నూనె వేసినది. ఒక గిన్నెడు పెసలును వేరుగా తీసియుంచినది. రెండును వారికి ప్రియమైనవే. భార్య సంతోషమునకును, నాలుక తృప్తికిని కొంచెము తిని లేచెదననుకొని కూర్చున్నారు. కడుపునిండ తిన్నారు.

గంట గడువకమునుపే వ్యాధి విజృంభించినది. ఆ సాయంకాలము నడియాదునకు పోవలసియున్నది. సబర్మతీ స్టేషను అచటికి మైలుంబావు దూరమే. దానిని నడచుట అతికష్టమైనది. దారిలో కలిసిన వల్లభభాయి పటేలుగారికి బాధ యెంతటిదో తెలియనీయలేదు. నడియాదులో ఇరువది నాలుగు గంటలలో ముప్పది నలువది విరేచనములయినవి. మొదట పండ్లరసము సైతము తీసికొనలేదు. నేటి వైద్యులైనచో అట్టి స్థితిలో మొట్టమొదట ఉప్పు, పంచదార సరియైన పాళ్ళలో కలిపిన నీటిని విడువక త్రాగింతురు. శరీరమునుండి నీరు, లవణములు పోవుటయే గొప్ప ప్రమాదమని నేడు అందరెరుగుదురు. అంబాలాల్ సారాభాయి దంపతులు వచ్చి వారిని అహమ్మదాబాదునకు కొనిపోయినారు. పిదప ఆశ్రమమునకు చేరినారు. ఒక రాత్రి మరణము తప్పదనుకొన్నారు. స్వయముగా చదువు శక్తి లేక, ఆశ్రమవాసులు గీతాపారాయణము చేయుచుండగా వినుచు పడియుండిరి.

ఈ వృత్తాంతము చదివి కస్తూరిబాను తప్పుపట్టువారు కలరు. మేము అంగీకరింపము. ఆమె వేసిన నూనెను చూడుడు. భర్త వ్రతమును ఆమె అణువంత జారనీయలేదు. వ్రతము ఇంటిల్లిపాదికి కనిపించును. కడుపులోని పుండు కనిపించదు. దానిని తినువాడే ఎరుగును, చెప్పవలసినవాడును అతడే. ఒకమారు వలదని చెప్పి, ఎదుటికి వచ్చినపుడు పీటపై కూర్చున్నచో, వండినవారు దేనిని నమ్మవలెను? గాంధీజీయు తమ ఆత్మకథలో ఆ నిందను తమ జిహ్వపైననే వేసికొన్నారు.

నెలలు గడచినను బలము రాలేదు. 1919 జనవరిలో బొంబాయిలో డాక్టరు దలాల్ చిన్న శస్త్రచికిత్స చేసినారు. పాలు పుచ్చుకొననిదే దేహము మరల కూడదని ఆయన అభిప్రాయము. సూదిమందులకు ఒప్పుకొని, పాలకు మాత్రము వ్రతభంగమని గాంధీజీ తల యూపలేదు. కారణ మడుగగా ఆవులకు గేదెలకు జరుగు హింసను చెప్పినారు. శయ్యచెంత నిలిచి ఇదంతయు వినుచున్న కస్తూరిబా, అట్లయిన మేకపాలకు ఆక్షేపణ యేమని మెల్లగా అడిగినది. వైద్యుడు ఆ మాట అందుకొన్నాడు.

గాంధీజీ లొంగినారు. వ్రతము పూనునాడు తమ మనస్సున ఉన్నవి ఆవు, గేదె మాత్రమే గనుక అక్షరము నిలిచినది. భావము నిలిచినదా? పాలు అన్న మాటలో సకలజంతువుల పాలును చేరునని వారికి తెలియును. లండనులో గ్రుడ్డు విషయమున తల్లి భావమును అక్షరముకంటె మిన్నగా పట్టుకొన్నవారే, ఇచట అక్షరము మాటున తలదాచుకొనవలసి వచ్చినది. దేశమునకై బ్రతుకవలెనన్న ఆశ తమను జయించినదని, ఆ ముల్లు తమ హృదయమున నాటుకొనియే యున్నదని ఏండ్ల తరువాత వ్రాసికొన్నారు. 1942లో ఆగాఖాన్ భవనమున నిర్బంధములో నుండి వ్రాసిన ఆరోగ్యగ్రంథమున, మాంసము తినని వారికి పాలు అవసరమని అయిష్టముగానే ఒప్పుకొన్నారు. ఇచట ఒక హెచ్చరిక. మేకపాలు ఎల్లవారి కడుపునకు తేలికయని భ్రమింపరాదు. పాలలోని సహజమైన చక్కెర వానియందును ఆవుపాలయందువలెనే ఇంచుమించు ఉండును. పాలు పడనివారికి మేకపాలును పడకపోవచ్చును. గాంధీజీకి మాత్రము పడినవి.

కస్తూరిబా 1944 ఫిబ్రవరి 22న, మహాశివరాత్రినాడు, ఆ ఆగాఖాన్ భవనముననే భర్త ఒడిలో తలయుంచి కన్నుమూసినది. ఆమె చెప్పిన మేకపాలు మాత్రము ఆగలేదు. 1948 జనవరి 30వ తేదీ సాయంకాలము, ఢిల్లీలోని బిర్లా భవనమున వల్లభభాయి పటేలుగారితో మాటలాడుచుండగా, మనుమని వరుసవాని ఇల్లాలు ఆభా వారికి భోజనము తెచ్చినది. ఉడికించిన కూరలు, పచ్చికూరలు, నారింజపండ్లు, మేకపాలు. చీకటి పడకమునుపే భోజనము ముగిసినది. ప్రార్థనకు అప్పటికే ఆలస్యమైనదని ఆభా గడియారము చూపినది. వారు లేచి, చెప్పులు తొడిగికొని తోటలోనికి బయలుదేరినారు.