హైదరాబాదు ఫుట్‌బాల్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం

2024వ సంవత్సరంలో సయ్యద్ అబ్దుల్ రహీం గారి జీవితం ఆధారంగా హిందీలో ఒక చలనచిత్రం వెలువడిన నాటి నుండి మా విద్యార్థులలో ఒక వాదం బయలుదేరింది. తరగతి ముగిసిన పిమ్మట వరండాలో నిలబడి వారు వాదించుకొంటుండగా మేము పలుమార్లు విన్నాము. రహీం సాబ్ మరి పదేళ్లు జీవించి ఉన్నట్లయితే మన దేశం ఫుట్‌బాల్‌లో ఎంత ఎత్తుకు చేరి ఉండేదో అని ఒక పక్షం. ఒక మనిషి కన్నుమూయగానే కూలిపోయినదానిని కట్టడమని ఎట్లా అనగలమని మరొక పక్షం. కబడ్డీ, వాలీబాల్, క్రికెట్టులకే ఆదరణ గల జి.కొండూరు వంటి మెట్టప్రాంతంలో, అరవై ఏళ్ల క్రితం గతించిన ఒక ఫుట్‌బాల్ శిక్షకుని గురించి పిల్లలు ఇంత పట్టుదలగా వాదించుకోవడం మాకు సంతోషమే కలిగించింది. అయితే వెండితెర మీద చూచినదంతా చరిత్రయే అనుకొనే ప్రమాదం కూడ ఒకటున్నది. అందుచేత ఆ మహనీయుని జీవితాన్ని మాకు తెలిసినంతలో ఇక్కడ వివరించి, ఆ వాదంలో మేము ఎటువైపు మొగ్గుచున్నామో కూడ చెప్పదలచినాము.

రహీం గారు 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై, ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు ఆయన పాఠం చెప్పిన బడులు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొందిన తర్వాత పాఠాలతో పాటు ఆటల బాధ్యత కూడ ఆయన మీద పడింది. స్వయంగా మంచి ఆటగాడే. విశ్వవిద్యాలయపు రోజులలోను, ఆ తర్వాత స్థానిక క్లబ్బుల తరపునను ఆడారు. కాని ఆయన పేరు నిలిచింది ఆటగాడుగా కాదు. ఆయన మొదట ఉపాధ్యాయుడు, ఆ తర్వాతనే మిగిలినదంతా. ఈ సంగతిని మేము కొంచెం నొక్కి చెప్పుచున్నామంటే అది మా వృత్తి మీది మమకారం అని పాఠకులు అనుకొన్నా మాకు అభ్యంతరం లేదు.

1943లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. మరణించేవరకు ఆ పదవిలోనే కొనసాగారు. కార్యదర్శి అనగానే రశీదులు, లెక్కలు, సమావేశాల తీర్మానాలు మన కళ్లముందు మెదులుతాయి. రహీం గారు మాత్రం ఆ కుర్చీలో కూర్చుండి ఊరిలోని కుర్రవాళ్ల కాళ్ల గురించి ఆలోచించారు. మన ఆటగాళ్లకు ఆనాడు బంతిని కాలికి అంటించుకొని ఒక్కొక్కరిని తప్పించుకొంటూ పోవడమే గొప్ప విద్య. చూచేవారు చప్పట్లు కొట్టేదీ దానికే. ఆయన ఆ మోజును విరిచేందుకు డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలను బాలురకు పెట్టారు. బంతి అందగానే తోటివానికి అందించి తీరవలె. మరికొన్ని పోటీలలో బలహీనమైన కాలితోనే తన్నవలెనని నియమం. కుడికాలి వాటం గలవాడు ఎడమకాలితో తడబడుతూ నేర్చుకోక తప్పదు. ఆలోచించి చూస్తే ఇది బడిపంతులు పద్ధతియే. వచ్చిన లెక్కనే పదిసార్లు చేసి మురిసిపోయే పిల్లవానిచేత రాని లెక్కను చేయించడం కంటె ఇందులో వేరే రహస్యమేమీ లేదు. అయినా దేశంలో మరెవ్వరికీ అది తోచలేదు.

దమ్ము విషయంలో కూడ ఆయన చాలా ఖచ్చితంగా ఉండేవారు. అంతర్జాతీయ పోటీ తొంబది నిమిషాలదైతే, మన దేశంలో పోటీలు ఆ రోజులలో డెబ్బది నిమిషాలకే ముగిసేవి. స్వదేశంలో వీరులైనవారు విదేశాలలో చివరి ఇరవై నిమిషాలు రొప్పుతూ నిలబడిపోవడానికి ఇది ఒక కారణం. రహీం గారి శిక్షణలో పరుగుకు అగ్రస్థానం దక్కడం అందువల్లనే.

1950లో ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. అక్కడి నుండి కథ వేగం అందుకొంటుంది. ఆ సంవత్సరం మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు ఆ జట్టుదే. డ్యూరాండ్ కప్పును నాలుగుసార్లు గెలిచారు. 1956, 1957 సంవత్సరాలలో సంతోష్ ట్రోఫీ హైదరాబాదుకు వచ్చింది. కలకత్తా పెద్ద క్లబ్బులకు ధనం ఉన్నది, అభిమానుల జనసంద్రం ఉన్నది. హైదరాబాదు జట్టు నెలజీతంపై బ్రతికే పోలీసు ఉద్యోగులది. ఆ కాలాన్ని కూడ గుర్తు పెట్టుకోవలె. 1948 సెప్టెంబరులో సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. పాత ఉద్యోగాలు, పాత ఆశ్రయాలు ఎన్నో చెదిరిపోయి, నగరంలోని సామాన్య ముస్లిం కుటుంబాలు రేపటిని గురించి బెంగపడుచున్న రోజులవి. అటువంటి రోజులలో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటి యువకులు బొంబాయి నుండి కప్పు తెచ్చి నగరం చేతిలో పెట్టారు. ఆ గెలుపుల విలువను గోళ్ల లెక్కతో మాత్రమే కొలవరాదని మా అభిప్రాయం.

దేశపు జట్టు బాధ్యత కూడ ఆయనకే వచ్చింది. 1951లో కొత్త ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో శైలేన్ మన్నా నాయకత్వాన మన జట్టు ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణం గెలుచుకొన్నది. ఆ ఒక్క గోలు చేసినవాడు మేవాలాల్. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 10–1తో పరాభవం. ఆ పందెంలో మనవారిలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. రహీం గారిని స్తుతించేవారు ఈ పందెాన్ని చెప్పకుండా దాటిపోతారు. మేము దాటిపోవడం లేదు. ఆయన గొప్పతనానికి ఇది మచ్చ కాదు, మొదటి మెట్టు. ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. జట్టు అమరికను గురించి ఆయన తిరిగి మొదటి నుండి ఆలోచించవలసి వచ్చింది. యూరపులో హంగరీ జట్టు ఆనాడు చూపుచున్న కొత్త పోకడలను గమనించి, ముందువరుస మధ్య ఆటగాణ్ణి వెనుకకు జరిపి ఆడించే విధానాన్ని మనవారికి నేర్పారు. 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ లోకానికి చాటిన 4–2–4 అమరిక ఛాయలు 1956 నాటికే మన జట్టులో కనిపించాయని క్రీడా విమర్శకులు చెబుతారు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథేయి ఆస్ట్రేలియాను మనవారు 4–2తో ఓడించారు. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్లు చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. అక్కడ మరల యుగోస్లావియాయే ఎదురైంది, ఈసారి 4–1. నాలుగేళ్లలో పది గోళ్లు నాలుగుకు తగ్గాయి. కాంస్యం కోసం జరిగిన పందెంలో బల్గేరియా చేతిలో ఓడి నాలుగవ స్థానంతో వెనుదిరిగారు. 1960 రోము ఒలింపిక్స్‌లో హంగరీతో 2–1 తేడాతో ఓడి, ఫ్రాన్సుతో 1–1గా సరితూగి, పెరూ చేతిలో ఓడిపోయారు. ఆ రోము జట్టులో రహీం గారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడ ఉన్నారు. ఒక్క పందెంలోనైనా మైదానంలో దిగే అవకాశం ఆయనకు రాలేదు.

ఇక 1962 జకార్తా. అప్పటికే రహీం గారి శరీరంలో రోగం ప్రవేశించింది. ఎడతెగని ధూమపానం అలవాటుగల ఆయనను ఊపిరితిత్తుల క్యాన్సర్ పట్టుకొన్నది. మొదటి పందెంలోనే దక్షిణ కొరియా మనవారిని 2–0తో ఓడించింది. తర్వాత థాయిలాండును 4–1తో గెలిచారు గాని, ఆ పందెంలో వెనుకవరుసకు ప్రాణమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. అతడు లేకుండానే జపానును 2–0తో ఓడించారు. సెమీఫైనల్‌లో రహీం గారు చేసిన పని మమ్మల్ని నేటికీ ఆశ్చర్యపరుస్తుంది. తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ను ఆయన కూర్చోబెట్టలేదు. వెనుక నిలబెట్టనూ లేదు. ముందువరుసకు పంపి దాడి చేయించారు. దక్షిణ వియత్నాంపై 3–2తో గెలిచిన ఆ పందెంలో ఒక గోలు జర్నైల్‌దే.

సెప్టెంబరు 4న ఫైనల్. ఎదుట మరల దక్షిణ కొరియా. ఇజ్రాయిల్, తైవాన్ దేశాలను ఆ క్రీడలకు రానీయకపోవడాన్ని భారతీయ క్రీడాధికారి ఒకరు విమర్శించినందువల్ల జకార్తాలో మనవారిపై ఆగ్రహం పెల్లుబికింది. రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. స్టేడియం నిండిన జనమంతా మన జట్టును ఎగతాళి చేస్తుండగా, మన పక్షాన గొంతెత్తినవారిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉన్నారని ఆనాటి ఆటగాళ్లు చెప్పుకొంటూ వచ్చారు. అనారోగ్యం నుండి కోలుకొన్న పొడగరి తంగరాజ్‌ను గురువు మరల గోలు ముందు నిలబెట్టారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు చేయగా, చివరలో కొరియావారు ఒకటి తిరిగి ఇచ్చారు. 2–1తో స్వర్ణం మనది. చునీ గోస్వామి నాయకుడు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణం దక్కలేదు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌కు 1960 తర్వాత మన పురుషుల జట్టు అర్హత పొందలేదు.

జకార్తా నుండి తిరిగి వచ్చిన రహీం గారు ఎంతోకాలం జీవించలేదు. 1963 జూన్ 11వ తేదీన, 53 ఏళ్ల వయస్సులో, కన్నుమూశారు. అదే సంవత్సరం మరొక దెబ్బ తగిలింది. సికింద్రాబాదు సమీపాన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఊపిరితిత్తుల వ్యాధి కారణంగా ఆటకు అర్ధాంతరంగా స్వస్తి చెప్పవలసి వచ్చింది. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్లు కూడ నిండలేదు. చునీ, పి.కె.లతో కలిపి త్రిమూర్తులుగా పేర్కొనదగిన ఆటగాడు. రోములో హంగరీపై, పెరూపై గోళ్లు చేసినవాడు ఆయనే. గురువును, శిష్యుని ఒకే సంవత్సరంలో ఊపిరితిత్తులే మైదానం నుండి తప్పించాయి. బలరాం తర్వాత అరవై ఏళ్లు జీవించి, 2023 ఫిబ్రవరిలో బెంగాలులో పరమపదించారు.

ఇప్పుడు మా విద్యార్థుల వాదానికి వద్దాము. రహీం గారితోనే మన ఫుట్‌బాల్ సమాధి అయినదని మొదటి పక్షంవారు అంటే, వినడానికి గంభీరంగా ఉంటుంది గాని లెక్కలు అంత తేలికగా ఒప్పుకోవు. 1964 ఆసియా కప్పులో మనకు రెండవ స్థానం వచ్చింది. 1965లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం తెచ్చిన జట్టుకు నాయకుడు హైదరాబాదువాడైన సయ్యద్ నయీముద్దీన్. అందులో మెరిసిన మహమ్మద్ హబీబ్‌దీ హైదరాబాదే. రహీం గారివద్ద ఆడిన పి.కె. బెనర్జీ తర్వాత స్వయంగా పేరుమోసిన శిక్షకుడయ్యాడు. వేరు ఒక్కసారిగా ఎండలేదు. ఏడెనిమిదేళ్లు చిగురు వేస్తూనే ఉన్నది.

అయితే రెండవ పక్షంవారి మాటలో కూడ బలమున్నది. సంఘం కార్యదర్శి ఆయనే, పోలీసు జట్టు శిక్షకుడు ఆయనే, దేశపు జట్టు గురువూ ఆయనే. ఇన్ని పనులు ఒక్క మనిషి భుజాన ఉన్నప్పుడు ఆ భుజం జారితే అన్నీ జారుతాయి. ఆయన పద్ధతులు ఎక్కువగా శిష్యుల జ్ఞాపకాల ద్వారానే మనకు అందినవి. ప్రతిభావంతులైన హైదరాబాదు కుర్రవాళ్లు మెరుగైన బ్రతుకుతెరువుకై కలకత్తా బొంబాయిలకు తరలిపోతుంటే ఆయన ఉన్నప్పుడే నగరం వారిని నిలుపుకోలేకపోయింది. బలరాం కూడ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లినవాడే. ఇది రహీం గారి తప్పని మేము అనలేము. బడిపంతులు పిల్లవాణ్ణి తీర్చిదిద్దగలడు. వానికి ఉద్యోగం ఇచ్చే కార్యాలయాన్ని, ఆడుకొనేందుకు మైదానాన్ని కట్టించవలసినవారు వేరే ఉన్నారు. వారు ఆ పని చేయలేదు. శిక్షకులకు ద్రోణాచార్య పురస్కారం ఏర్పడినదే 1985లో, ఆయన గతించిన ఇరవై రెండేళ్లకు. కనుక ఈ వాదంలో మేము రెండవ పక్షంవారి ప్రశ్నను అంగీకరిస్తూ, జవాబుదారీని మాత్రం ఆయన మీద కాక ఆయన తర్వాతివారి మీద ఉంచుచున్నాము. కుమారుడు హకీం తర్వాత అంతర్జాతీయ రిఫరీగా పేరు పొంది, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకొని, 2021లో మరణించారు. తండ్రి మీద తీసిన చలనచిత్రం విడుదలను ఆయన చూడలేదు.

మరొక చిన్న సంగతి మిగిలి ఉన్నది. బలరాం ఆటను మొదట చూచి, హైదరాబాదుకు వచ్చి అభ్యాసం చేయవలసిందిగా రహీం గారు కోరినప్పుడు, అంతదూరం రోజూ రావడానికి తనవద్ద డబ్బు లేదని ఆ పేద కుర్రవాడు చెప్పుకొన్నాడు. రహీం గారు సైకిలు అద్దెకు తీసుకొనేందుకు తన జేబులోనుండి పైకం ఇచ్చారు. అమ్ముగూడ నుండి ఆ అద్దె సైకిలు తొక్కుకొంటూ వచ్చిన కుర్రవాడే 1956లో మెల్‌బోర్న్ వెళ్లే జట్టులో చేరినాడు.