మన్యం నమ్మిన స్వామి

ఈ సంచిక చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అల్లూరి సీతారామరాజు పేరు కొత్త కాదు. విల్లంబులు పట్టిన ఆయన విగ్రహం చూసే ఉంటారు, సినిమా కూడా చూసి ఉంటారు. కానీ పోలీసు స్టేషన్ల మీదికి వెళ్లకముందు అయిదేళ్లపాటు ఆయన మన్యంలో ఏం చేశారో చెప్పమంటే మనలో చాలామందిమి తడుముకుంటాం. మేము ఇక్కడ చెప్పబోయేది ఎక్కువగా ఆ అయిదేళ్ల సంగతే.

ఆయన గిరిజనుడు కాదు. 1897 జూలై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో, అమ్మమ్మగారి ఊళ్లో పుట్టారు. సొంతూరు భీమవరం దగ్గరి మోగల్లు. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో చదువు ఒకచోట సాగలేదు. భీమవరం, రాజమండ్రి, రామచంద్రపురం, కాకినాడ, నరసాపురం ఇలా ఊరూరా తిరిగారు. గుర్రపుస్వారీ నేర్చుకున్నది చించినాడలో. మన రాజోలు వైపు నుంచి దిండి వంతెన దాటితే వశిష్ఠ గోదావరి అవతలి ఒడ్డున ఉన్న ఊరే అది. అంటే మన్యం వీరుడు పెరిగింది మనకు కూతవేటు దూరంలోనే.

బడి చదువు మీద మనసు నిలవలేదు. జ్యోతిషం, హస్తసాముద్రికం, యోగం, మూలికా వైద్యం మీదికి మళ్లింది. 1916లో ఉత్తరదేశ యాత్రకు బయలుదేరి కాశీ వంటి క్షేత్రాలు చూశారు. తిరిగి వచ్చాక 1917లో మన్యం అంచున ఉన్న కృష్ణదేవిపేట చేరారు. అక్కడి నీలకంఠేశ్వరాలయం దగ్గర తపస్సు చేసుకుంటూ, వచ్చినవారికి మందు ఇస్తూ, ముహూర్తం చెబుతూ ఉండేవారు. జనం ఆయనను స్వామి అని కొలిచారు.

పైనుంచి వచ్చిన మనిషిని మన్యం అంత తొందరగా ఎందుకు నమ్మింది? దీనికి జవాబు మన పద్ధతుల్లోనే ఉందని మేము అనుకుంటాం. విశాఖ మన్యంలో దిసారి అని ఒకాయన ఉంటాడు. విత్తనం వేసే రోజు, పెళ్లి ముహూర్తం చెప్పేది ఆయనే, జబ్బు చేస్తే వేరో ఆకో నూరి ఇచ్చేదీ ఆయనే. గూడెంలో ఒంటికి వచ్చిన కష్టాన్ని, మనసుకు వచ్చిన కష్టాన్ని వేరువేరుగా చూడరు. మందు వేసే మనిషే పక్కన కూర్చుని ధైర్యం కూడా చెప్పాలి. చలిజ్వరాలకు పేరుపడ్డ ఆ కొండల్లో అలాంటి మనిషి విలువ ఎంతో చెప్పనక్కర్లేదు. జ్యోతిషమూ మూలికలూ రెండూ తెలిసిన రాజుగారు వాళ్లకు వింతగా తోచలేదు. తమకు తెలిసిన పెద్దమనిషి పోలికే ఆయనలో కనిపించింది.

ఆ నమ్మకాన్ని ఆయన సొంతానికి వాడుకోలేదు. తాగుడు మానమన్నారు. తగాదాలు కోర్టుకెక్కకుండా పంచాయతీలు పెట్టి తీర్పించారు. అప్పటికే 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడును నేరం చేసింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనులకు మనుషులను తోలి, కూలి సరిగా ఇవ్వక హింసించాడు. మందు కోసం వచ్చినవారే ఈ బాధలూ చెప్పుకున్నారు. జబ్బుకు మూలం ఎక్కడుందో ఆయనకు అర్థమైంది.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, 26 తుపాకులు. పక్కన నిలిచింది గాం గంటందొర, గాం మల్లుదొర వంటి మన్యం బిడ్డలు. దారులు, గుట్టలు, నీటి ఊటలు, ఆకుల గుణాలు తెలిసినవాళ్లు వాళ్లు. రాజుగారి పేరుతో పాటు వాళ్ల పేర్లూ మనం నేర్చుకోవాలి.

స్వామికి గుండు తగలదని అప్పట్లో జనం చెప్పుకున్నారు. ఆ మాట ధైర్యం ఇచ్చి ఉండవచ్చు. కానీ 1922 డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర జరిగిన పోరులో అనుచరులు నేలకొరిగారు. 1923లో మల్లుదొర పట్టుబడ్డాడు. 1924 మే 7న రాజుగారిని మంప దగ్గర పట్టుకుని, విచారణ లేకుండా కొయ్యూరులో కాల్చి చంపారు. అప్పుడు ఆయన వయసు 27 నిండలేదు. కృష్ణదేవిపేటలో సమాధి ఉంది. దైవాంశ అని చెప్పి ఆయనను మనకు దూరం చేసుకోవద్దు. గుండు తగిలితే చనిపోయే మనిషే అంత సాహసం చేశాడంటేనే ఆయన గొప్పతనం తెలుస్తుంది.

కోనసీమలో కొండలు లేవు. కానీ ఇక్కడి ఎరుకల, యానాది ఇళ్లలో చెట్టూ చేమా గుణం ఎరిగిన తాతలు, సోది చెప్పిన అమ్మమ్మలు ఉన్నారు. ఆ విద్యను మూఢనమ్మకమని నవ్వేవారు ఉన్నారు, సర్వరోగాలకూ అదే చాలు అనేవారూ ఉన్నారు. మేము రెండింటికీ ఒప్పుకోం. పాము కరిస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ పని అయ్యాక, తాత దగ్గర కూర్చుని ఆయనకు తెలిసిన ఆకుల పేర్లు, అవి దొరికే చోట్లు ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఆయన పోయాక ఆ పేర్లు చెప్పేవాళ్లు ఉండరు.

2022 ఏప్రిల్ 4న మన కోనసీమ జిల్లా, అల్లూరి సీతారామరాజు జిల్లా ఒకే రోజున ఏర్పడ్డాయి. పాపికొండల మధ్య నుంచి దిగివచ్చిన గోదారే మన లంకలను తడుపుతోంది. పైనున్న మన్యం మనకు పరాయిది కాదు. ఆ మన్యం నమ్మిన స్వామికి, ఆయనతో నడిచిన మన్యం వీరులకు మా జోహార్లు.