పగటి వెలుగులో పెద్దపులి

జిమ్ కార్బెట్టు పేరు చెప్పగానే మన మనస్సులో మెదిలేది తుపాకి. కుమావూన్ కొండలలో మనుష్యమాంసము మరిగిన పులులను వెదకి చంపిన వేటగానిగానే లోకము ఆయనను ఎరుగును. 1907లో చంపావత్ ఆడపులి ఆయన చేతిలో కూలేనాటికి దాని వాత బడినవారు 436 మంది అని లెక్క. రుద్రప్రయాగ చిరుతపులిని చంపినది 1926లో. అయితే ఈ వేటలన్నింటికంటె ఎక్కువ ఓర్పును కోరిన వేట మరియొకటి ఆయన జీవితంలో ఉన్నది. దానికి కావలసినవి ఒక కెమెరా, చాలినంత పగటి వెలుతురు. మొదటిది ఒక మిత్రుడు బహూకరించినాడు. రెండవదానికై పదేండ్లు నిరీక్షింపవలసి వచ్చినది.

కార్బెట్టు 1875 జూలై 25న నైనితాలులో జన్మించినాడు. తండ్రి ఆ ఊరి పోస్టుమాస్టరు. వేసవి నైనితాలులోను, చలికాలము కొండదిగువనున్న కాలాఢుంగిలోను గడుపు కుటుంబమది. అడవి వాకిటి ముందే ఉండుటచేత పక్షుల కూతలు, మృగాల అడుగుజాడలు ఆయనకు అక్షరాలతోపాటే అబ్బినవి. పెద్దవాడైన పిమ్మట రైల్వేలో చేరి, గంగ ఒడ్డున మొకామా ఘాటులో సరకుల రవాణా పనిలో ఇరువది ఏండ్లకు పైగా ఉన్నాడు.

ఆయన దృష్టిని తుపాకినుండి కెమెరా వైపు మరల్చినవాడు అటవీశాఖాధికారి ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్. పులుల ఛాయాచిత్రాలతో ఛాంపియన్ రచించిన గ్రంథము 1927లో వెలువడినది. ఆయన పద్ధతి విచిత్రమైనది. పులి నడుచు బాటకు అడ్డముగా సన్నని తీగ కట్టి, దానిని కెమెరాకును ఫ్లాషు దీపానికిని కలిపేవాడు. రాత్రివేళ పులి కాలు తీగకు తగిలినంతనే మెరుపు మెరిసి బొమ్మ పడేది. ఆ చిత్రాలు చూచి కార్బెట్టు ముగ్ధుడైనాడు. కాని మెరుపు పట్టి యిచ్చునది ఒక్క క్షణమే. కార్బెట్టు కోరినది నడచే పులి, కూర్చుండే పులి, తన్నెవరో చూచుచున్నారని ఎరుగని పులి. కొంతకాలము మామూలు కెమెరాతో ప్రయత్నించి, తన పనికి చలనచిత్రపు కెమెరాయే తగునని నిశ్చయించినాడు. 1928లో లార్డ్ స్ట్రాత్‌కోనా ఆయనకు 16 మిల్లీమీటర్ల కెమెరాను కానుకగా ఇచ్చినాడు.

ఇక్కడ వెలుతురు సంగతి కొంత చెప్పవలెను. దట్టమైన అడవిలో మధ్యాహ్నపుటెండ ఆకుల సందులనుండి ముక్కలు ముక్కలుగా రాలును. ఎండ ముక్కకు తగినట్లు కెమెరాను సరిచేసిన, నీడ అంతయు మసియగును. నీడకు సరిచేసిన, ఎండ వెల్లబారును. పులి చారలు ఆ ఎండనీడలలో కలిసిపోవును. పైగా పులి సంచారము ఎక్కువగా మసక వేళలలోనే. కదలని వస్తువునైన మామూలు కెమెరాతో ఎక్కువసేపు వెలుతురు తాకనిచ్చి చిత్రింపవచ్చును. సెకనుకు 16 బొమ్మలు తీయు యంత్రానికి ఆ వెసులుబాటు లేదు. నేటి చేతిఫోను ఈ సర్దుబాటును తనంతట తానే చేసుకొనుచున్నందున, మన విద్యార్థులకు ఇది ఒక కష్టమని కూడ తోచదు.

ఆ పదేండ్లలో కార్బెట్టు పులులను సుమారు 200 పర్యాయాలు చూచినాడు. తృప్తికరమైన చిత్రము ఒక్కటియు రాలేదు. ఒకసారి వెలుతురు ఎక్కువ, ఒకసారి తక్కువ. గడ్డి అడ్డము, ఆకు అడ్డము, లెన్సుపై సాలెగూడు. ఒకమారు ఫిల్మును కడుగుచుండగా దానిపై పూతయే కరిగిపోయినది.

1938 నవంబరు 30 సాయంకాలము, చూపు ఆనని మసకలో, ఠాక్ గ్రామము దగ్గరి నరభక్షకిని కార్బెట్టు కాల్చి చంపినాడు. అప్పటికి ఆయన వయస్సు 63. ఒక చలికాలమంతయు పులుల చిత్రానికే వినియోగింపవలెనని సంకల్పించినదియు ఆ 1938లోనే. ఈసారి పులి వెంట తిరుగుట మాని, ముందుగా స్థలమును ఎన్నుకొన్నాడు. 50 గజాల వెడల్పుగల ఒక బయలు లోయ. ఇరుప్రక్కల చిక్కని అడవి. నడుమ సన్నని సెలయేరు. మీద కొమ్మలు కమ్మని ఆ చోట ఆకాశపు వెలుతురు అడ్డు లేక దిగును. కెమెరా చప్పుడు పులి చెవిన పడకుండుటకై సెలయేటికి అక్కడక్కడ అడ్డుకట్టలు వేసి, కొన్ని అంగుళాల ఎత్తు జలపాతాలను కల్పించినాడు. ఈ యుక్తి నాకు ఆయన గురిపెట్టిన తుపాకికంటె గొప్పగా కనిపించును. పిదప మూడు వేర్వేరు తావులలోని ఏడు పులులను కొన్ని గజాల చొప్పున అచటికి రప్పించినాడు. ఒకటి మరునాడే వెళ్లిపోయినను, అంతలో దాని చిత్రము పడినది.

పట్టపగలు ఆరు పులులకు చేరువగా పోవుట అసాధ్యము. అందుచేత రాత్రి పోక, పగలు రాక ముందే ప్రాకుచు దగ్గరకు చేరి, వెలుతురు వచ్చుదాక పడియుండేవాడు. రాత్రి కురిసిన మంచు ఆకులను తడిపి అడుగుల సవ్వడిని అణచినది. ఆ తేమయే లెన్సుపై చేరి కొంత ఫిల్మును చెరచినది కూడ. ఆ ఏడు వానలు మిక్కుటము. నాలుగున్నర నెలలలో 1000 అడుగుల ఫిల్ము ఖర్చుకాగా దక్కినది సుమారు 600 అడుగులు. సెకనుకు 16 బొమ్మల లెక్కన అది 25 నిమిషాల ప్రదర్శన. అందులో ఆరు పులులు, 10 మొదలు 60 అడుగుల దూరమునుండి, పగటి వెలుగులో: నాలుగు మగవి, రెండు ఆడవి. ఆడవానిలో ఒకటి తెల్లపులి. అన్ని దినాలలో ఏ పులియు ఆయనను చూడలేదు.

వేటలో గెలిచిన చర్మము దానిని సంపాదించినవానికొక్కనికే ముద్దు, చిత్రమైనచో అడవిని ప్రేమించువారందరిదని ఆయన భావించినాడు. పులుల సంఖ్య వేగముగా తగ్గుచున్నదని అప్పుడే గుర్తించి హెచ్చరించినాడు. 1936లో ఏర్పడిన హెయిలీ జాతీయ వనమునకు తోడ్పడినవారిలో ఆయనయు ఒకడు. 1947లో అక్క మ్యాగీతో కెన్యా వెళ్లి, 1955 ఏప్రిల్ 19న న్యేరిలో మరణించినాడు. 1957లో ఆ వనానికి కార్బెట్టు పేరు పెట్టినారు.