ప్రజాధనానికి ఫలితం చూపిన శాస్త్రవేత్త డాక్టర్ యలవర్తి నాయుడమ్మ

అనంతపురం: సాలీనా సగటున 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే అనంతపురం పీఠభూమిలో, వేరుసెనగ ఎండిన ఏట రైతు ఇంట మిగిలే ఆస్తి గొర్రెలు, మేకలే. వాటి తోలుకు పలికే ధర, ఆ తోలును దేశంలో ఎంతవరకు పదును చేయగలమన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ఆ విద్యను కేంద్ర ప్రభుత్వ నిధులతో అభివృద్ధి చేసిన సంస్థ మద్రాసు అడయారులోని కేంద్రీయ చర్మ పరిశోధనా సంస్థ. దానికి రూపురేఖలు దిద్దినవారు డాక్టర్ యలవర్తి నాయుడమ్మ.

1922 సెప్టెంబరు 10న తెనాలి సమీపంలోని యలవర్రు గ్రామంలో రైతు కుటుంబంలో ఆయన జన్మించారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక రసాయనశాస్త్రం అభ్యసించి, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. తోలు పనిని, ఆ పని చేసేవారిని సమాజం దూరంగా ఉంచిన రోజులవి. అటువంటి వృత్తిని ఒక రైతుబిడ్డ కోరి చేపట్టడం ఆనాడు సామాన్య విషయం కాదు.

చర్మ పరిశోధనా సంస్థకు 1948లో శంకుస్థాపన జరిగింది. నాయుడమ్మ 1958లో దాని సంచాలకులయ్యారు. అప్పటికి దక్షిణాది తోళ్ల వ్యాపారులు తంగేడు చెక్కతోను, ఇతర బెరడులతోను తోళ్లను సగం పదును చేసి విదేశాలకు పంపేవారు. అసలు లాభం వాటితో బూట్లు, సంచులు కుట్టిన దేశాలకు చేరేది. తంగేడు అనంతపురం బీళ్లలో విరివిగా పెరిగే మొక్కే. పరిశోధన ఫలితాలు పత్రికలలో అచ్చయితే చాలునని ఆయన భావించలేదు. చదువురాని తోలు పనివారిని సైతం సంస్థలోకి ఆహ్వానించి, వారి కష్టనష్టాలనే పరిశోధనాంశాలుగా స్వీకరించారు. కరవులో చనిపోయిన పశువుల కళేబరాలు వృథా కాకుండా వినియోగించే పద్ధతులపైనా ఆ సంస్థ కృషి చేసింది. సగం పదును చేసిన తోళ్ల ఎగుమతిపై 1973లో కేంద్రం పరిమితులు విధించేనాటికి, పూర్తిస్థాయి తోలు తయారీకి కావలసిన నిపుణులు చాలావరకు ఈ సంస్థలో శిక్షణ పొందినవారే.

1971లో పద్మశ్రీ పురస్కారంతో పాటు, శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి మహాసంచాలకుల పదవి ఆయనను వరించింది. అది సుఖాసనం కాదు. మండలి ప్రయోగశాలలపై వెచ్చిస్తున్న ధనానికి తగిన ఫలితమేదని పార్లమెంటులో విమర్శలు చెలరేగగా, జస్టిస్ సర్కార్ విచారణ సంఘం అప్పుడే నివేదికలు సమర్పించి ఉంది. నాయుడమ్మ ఆ ప్రశ్నను తప్పించుకోలేదు. ప్రయోగశాలల విజ్ఞానాన్ని గ్రామాలకు చేర్చేందుకు కరీంనగర్ జిల్లాను ఎంపిక చేసి సమగ్ర పథకం చేపట్టారు. అనంతపురాన్ని ఎంచుకుని ఉంటే బాగుండేదని ఇక్కడివారికి అనిపించడం సహజం. అయితే మెట్ట వ్యవసాయానికి సంబంధించి, 1970లో కెనడా సహకారంతో ప్రారంభమైన అఖిల భారత సమన్వయ పరిశోధనా పథకంలో అనంతపురం కేంద్రానికి స్థానం లభించింది.

నిధుల ప్రశ్న ఆయనతో తీరలేదు. 2020-21లో దేశం పరిశోధనాభివృద్ధిపై వెచ్చించినది స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. అందులో సగానికి పైగా ప్రభుత్వ ధనమే.

1977లో మహాసంచాలకుల పదవి నుండి వైదొలగిన నాయుడమ్మ, 1981-82లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా వ్యవహరించారు. 1985 జూన్ 23న కెనడా నుండి తిరిగివస్తుండగా, ఎయిర్ ఇండియా కనిష్క విమానం ఐర్లండు తీరానికి సమీపంలో పేలిపోయింది. మృతులైన 329 మందిలో ఆయన ఒకరు. అప్పటికి ఆయన వయస్సు 62 సంవత్సరాలు.