విన్నో: బ్రౌన్ దొర చెరిగిన తెలుగు



ఈ నెల మీ అమ్మాయో అబ్బాయో ఇంటికొచ్చి 'విన్నో' అంటే ఏమిటని అడిగితే డిక్షనరీ వెతకకండి. మీ అమ్మమ్మ చేసిన పనే అది. గాలి వాటం చూసి ధాన్యాన్ని పైనుంచి పోస్తే పొట్టు ఎగిరిపోయి గింజ మిగులుతుంది. పొలంలో అది తూర్పారబట్టడం, ఇంట్లో చేటతో అయితే చెరగడం. ఇంగ్లిష్ మాటకీ మూలం గాలే, అంటే 'విండ్'. 1819లో కీట్స్ శరత్కాలం మీద రాసిన కవితలో, ధాన్యపు కొట్టులో కూర్చున్న శరత్తు జుట్టును కదిలించే గాలికి ఈ క్రియనే విశేషణం చేశాడు.

సరిగ్గా ఆ ఏడాది ఇరవయ్యేళ్ల చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ మద్రాసులో తెలుగు నేర్చుకుంటున్నారు. 1798లో కలకత్తాలో పుట్టి, 1817లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసు వచ్చారు. 1820లో కడప వెళ్లారు. తర్వాత అక్కడే బంగళా కొని, సొంత జీతంలోంచి, చాలక అప్పులు చేసి, పండితులను పోషించారు. ఒక్కో కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి చదివించి, లేఖకుల తప్పులు తీసేయించి శుద్ధప్రతి రాయించేవారు. తాలు పోయి గట్టి గింజ మిగలాలి. ఇంగ్లిష్ పుస్తకాల్లో విన్నోకి ఎక్కువగా కనిపించే అర్థం ఇదే. (మన పేపర్లలో మాత్రం నాయకులు ఒకరినొకరు తూర్పారబడతారు. మనం పొట్టు ఎగరడాన్ని చూశాం, వాళ్లు గింజ మిగలడాన్ని చూశారు!)

వేమన పద్యాలను బ్రౌన్ 1829లో ఇంగ్లిష్ అనువాదంతో అచ్చు వేయించారు. 1852 నాటి తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువులో కావ్యాల భాషతో పాటు వ్యవహారంలో జనం మాట్లాడే మాటలకూ చోటిచ్చారు. నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

పేరెంట్స్ మీటింగుల్లో కొందరు ఇంట్లో తెలుగు మానేశామని సంతోషంగా చెబుతుంటారు. నేను ఇంగ్లిష్ టీచర్‌నే, అయినా ఆ మాట నాకు రుచించదు. చేట తెలిసిన పిల్లలకు విన్నో చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. తెలియని వాళ్లకు ముందు బోర్డు మీద చేట బొమ్మ గీయాలి, అసలు పొట్టు అంటే ఏమిటో చెప్పాలి.

బ్రౌన్ తిరిగి ఇంగ్లండ్ వెళ్లి, లండన్‌లో తెలుగు ప్రొఫెసర్‌గా ఉండి, 1884లో అక్కడే కన్నుమూశారు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. 'చెరుగు', 'తూర్పు' మాటల దగ్గర ఏం రాశారో ఈ ఆదివారం పిల్లల చేత వెతికించండి. కూకట్‌పల్లి సంతలో చేట కనిపిస్తే ఒకటి కొని క్లాసుకు పంపినా నాకు అభ్యంతరం లేదు.