గులాబీ రంగు పేపరు – ఐడా వెల్స్ జీవితం

ఐడా బి. వెల్స్ 1862 జూలై 16న అమెరికా దేశంలో, మిసిసిపీ రాష్ట్రంలోని హోలీ స్ప్రింగ్స్ అనే ఊళ్ళో జన్మించింది. అమ్మానాన్నలు నల్లజాతి బానిసలు. కాబట్టి ఆమె కూడా పుట్టుకతోనే బానిస. నాన్న వడ్రంగి, అమ్మ వంటమనిషి. బానిసత్వం పోయాక నల్లవాళ్ళకి బడి వచ్చింది. పిల్లలతోపాటు వాళ్ళమ్మ కూడా బడికి వెళ్ళి చదవడం నేర్చుకుంది. నాన్న, ఆయన స్నేహితులు కూర్చుంటే చిన్న ఐడా వాళ్ళకి పేపరు చదివి వినిపించేది.

1878లో ఎల్లో ఫీవర్ అనే విషజ్వరం వచ్చి అమ్మ, నాన్న, చిన్న తమ్ముడు చచ్చిపోయారు. అప్పుడు ఐడాకి 16 ఏళ్ళు. మిగిలిన పిల్లల్ని తలా ఒక ఇంటికి పంచేద్దామని పెద్దవాళ్ళు అన్నారు. ఐడా ఒప్పుకోలేదు. పెద్దదానిలా కనబడాలని గౌను పొడుగు చేసుకుని టీచరు ఉద్యోగం సంపాదించింది. కంచరగాడిద ఎక్కి బడికి వెళ్ళేది. అలా తమ్ముళ్ళని, చెల్లెళ్ళని పోషించింది.

తర్వాత మెంఫిస్ నగరానికి వచ్చింది. అక్కడ పెద్ద పేపర్లన్నీ తెల్లవాళ్ళవే. 1889లో ఐడా ఫ్రీ స్పీచ్ అనే చిన్న పేపరులో వాటా కొని సంపాదకురాలైంది. నల్లపిల్లల బడులు బాగాలేవని రాసినందుకు 1891లో ఆమె టీచరు ఉద్యోగం పోయింది. అయినా రాయడం మానలేదు.

చదువు రానివాళ్ళు ఫ్రీ స్పీచ్ కావాలని అడిగితే, అమ్మేవాళ్ళు వేరే పేపరు ఇచ్చి మోసం చేసేవాళ్ళు. అందుకని ఐడా తన పేపరుని గులాబీ రంగు కాగితం మీద అచ్చు వేయించింది. అక్షరం రాకపోయినా రంగు గుర్తుపట్టి కొనుక్కోవచ్చు కదా! తర్వాత చదువు వచ్చినవాళ్ళచేత చదివించుకునేవాళ్ళు.

ఐడా స్నేహితుడు టామస్ మాస్ పోస్ట్‌మాన్. అతను కొందరితో కలిసి కిరాణా కొట్టు పెట్టాడు. దగ్గర్లో ఉన్న తెల్లవాడి కొట్టుకి బేరం తగ్గింది. గొడవ పెరిగి, టామస్‌ని, ఇంకో ఇద్దర్ని జైల్లో పెట్టారు. 1892 మార్చి 9 తెల్లవారుజామున ఒక గుంపు వాళ్ళని జైల్లోంచి లాక్కెళ్ళి కాల్చి చంపేసింది. తెల్లవాళ్ళ పేపర్లు తప్పంతా ఆ కొట్టువాళ్ళదే అన్నట్టు రాశాయి.

ఐడా నిజం రాసింది. మనల్ని కాపాడని ఊరిని వదిలి వెళ్ళిపోదామని రాసింది. వేలమంది వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు ట్రాము ఎక్కడం మానేశారు. ట్రాము కంపెనీ వాళ్ళే ఆమె ఆఫీసుకి వచ్చి, మళ్ళీ ఎక్కమని చెప్పండి అని అడిగారు. ఆమె చెప్పలేదు. ఇలాంటి హత్యలు ఎక్కడ జరిగినా వివరాలు సేకరించి, చచ్చిపోయినవాళ్ళ మీద వేసిన నిందలు చాలావరకు అబద్ధమని రాసింది. మే 27న ఆమె ఊళ్ళో లేనప్పుడు ఆఫీసుని ధ్వంసం చేశారు. తిరిగి వస్తే చంపుతామన్నారు. ఆమె న్యూయార్కులో ఉండి రాసింది. ఇంగ్లండుకి వెళ్ళి కూడా చెప్పింది.

1895లో షికాగోలో ఒక లాయరుని పెళ్ళి చేసుకుంది. 1931 మార్చి 25న మరణించింది. 2020లో ఆమెకి పులిట్జర్ గౌరవం ఇచ్చారు. గుంపుగా చంపడాన్ని దేశమంతటికీ వర్తించే నేరంగా చేస్తూ 2022లో అమెరికాలో చట్టం వచ్చింది. ఆమె రాసిన 130 ఏళ్ళకి!

స్నేహితులారా, ఈసారి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మన పెద్దవాళ్ళకి పేపరు చదివి వినిపిద్దాం. ఐడా కూడా అలాగే మొదలుపెట్టింది.